కుడివైపు జేబు

పైవాటా సార్ పోయారని నాకు ఆయన భార్యే చెప్పింది. పొద్దున దుకాణం షట్టర్ ఎత్తుతుంటే మెట్ల మీద నిలబడి, "అన్నా, ఈయాల మిషన్ తొక్కకు. సార్ లేడు," అంది. చాయ్ పెట్టి లేపితే లేవలేదట. నేను షట్టర్ మళ్లీ దించేశాను.

సికింద్రాబాద్ మెట్టుగూడలో నాది చొక్కాలు కుట్టే దుకాణం. సార్ వాళ్లు దాని పైన ఉంటారు. నేను నాలుగో తరగతి దాటలేదు, ఇది ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి. పనిలో మాత్రం నాకు వంక పెట్టినవాడు లేడని ఇన్నేళ్లు చెప్పుకున్నాను. ఇప్పుడు రాయాల్సి వచ్చింది ఆ మాట గురించే.

సార్ ఏ ఆఫీసుకూ పోయేవారు కాదు. సాయంత్రం పిల్లలకు ట్యూషన్లు చెప్పేవారు, మిగతా పొద్దంతా పత్రికలకు హాస్యం రాసేవారు. రాసింది ముందు నాకు చదివి వినిపించాలి, అది ఆయన పద్ధతి. ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని చదివేవారు. ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను నా కాలి మీద. నవ్వొస్తే నా కాలు మిషన్ తొక్కడం ఆపేస్తుందట. ఆగిన చోటల్లా పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకునేవారు. మూడు చుక్కలైతే పత్రికకు పంపేవారు.

"ఇండ్ల ఒక్క సుక్క సుత పడలే సార్, ఏం పంపుతరు," అనేవాణ్ని ముఖం మీదే.

"నా రాత తప్పో, నీ మోకాలు నొప్పో. రేపు మళ్ల చదువుత మాస్టర్," అనేవారు.

మూడు చుక్కలు పడ్డవి కూడా తిరిగొచ్చేవి. మొదట్లో కవర్లో వచ్చేవి, తర్వాత ఫోన్లో రెండు ముక్కల జవాబు, ఈమధ్య ఆ జవాబు కూడా లేదు. ఆ రోజు స్టూలు మీద కూర్చుని ఒక చాయ్ తాగేవారు. గ్లాసు కింద పెట్టాక, "ఎడిటర్‌కు ఈయాల పన్ను నొప్పి ఉండొచ్చు," అనేవారు. ఒకసారి నేను చెయ్యి సరిగా కుదరని చొక్కా కుట్లు విప్పుతుంటే చూసి, "నువ్వు చెయ్యి విప్పి మళ్ల కుడుతున్నవ్ గాని చొక్కా పారేస్తలేవు కద. నేను సుత గంతే," అన్నారు. అప్పటి నుంచి ఏది తిరిగొచ్చినా "విప్పుడుకొచ్చింది మాస్టర్" అనేవారు.

ఎంత విప్పినా కుదరని కాగితాలు నాకిచ్చేవారు. మూడు నాలుగు కలిపి మైదా పిండితో అతికించి కాలర్ ఆకారంలో కత్తిరించుకుంటే, బట్ట మీద పెట్టి గీత గీసుకోవచ్చు. నా గోడ మేకుకు వేలాడే కాలర్లన్నీ ఆయన రాతలే.

ఒక్కటి మాత్రం ఆయన నాకు చదవకుండా పంపారు. పత్రికవాళ్లు తీసుకున్నది దాన్నే.

నాలుగేళ్ల కిందటి మాట. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో కాగితంతో మెట్లు దిగొచ్చి, "తీసుకున్నరు మాస్టర్. వచ్చే వారం వేస్తరట," అన్నారు. దుకాణంలో ఇద్దరు గిరాకీలున్నారు. ఆయన నిలబడే చదివారు. ఒక టైలరు చొక్కాకు జేబు కుడివైపు కుట్టాడట. ఇదేందని అడిగితే, "రేపటిసంది ఎడమ చేత్తో తీసుకో, అలవాటైతది," అన్నాడట. నా కాలు ఆగింది. కొలతల చిట్టీ మీద కుడి ఎడమలు రాసుకునే చదువు ఆ టైలరుకు లేదట, తప్పు ఒప్పుకోకపోవడంలో మాత్రం ఎమ్మే చేశాడట. గిరాకీలిద్దరూ పడిపడి నవ్వారు. అప్పుడు వెలిగింది నాకు. ఆ చొక్కా సార్‌ది. ఆ మాట నాది.

"సార్, గిది పేపర్ల పడితే మీరు నా దుకాణం మెట్టు ఎక్కొద్దు. చదువు రానోడని ఊరంత నవ్వాల్నా నన్ను జూసి?"

"నిన్ను జూసి కాదు మాస్టర్, ఆ చొక్కా ఏసుకొని తిరుగుతున్న నన్ను జూసి నవ్వుతరు."

"అదంత నాకు తెల్వది. తీసేయమనుర్రి."

ఆయన వాదించలేదు. నా ఎదురుగానే ఫోన్లో వద్దని రాసి పంపారు. "పోనీ, ఇది సుత విప్పుడుకొచ్చిందనుకుంట," అని కాగితం బల్ల మీద పెట్టారు. ఆయన చూస్తుండగానే దాన్ని కాలర్‌కు కత్తిరించాను. అవసరం లేదు, మేకు నిండా కాలర్లున్నాయి. అయినా కత్తిరించాను.

మర్నాడు కొత్త కాగితంతో వచ్చి అదే స్టూలు మీద కూర్చున్నారు. "ఇండ్ల నువ్వు లేవు, భయపడకు," అని షురూ చేశారు. నవ్వొచ్చింది. పంతం కొద్దీ కాలు ఆపలేదు.

ఆ తర్వాత ఆయనది ఒక్కటీ అచ్చు కాలేదు. ఎడిటర్లు వద్దన్నవి ఎన్నో ఉన్నాయి. వాళ్లు కావాలన్న ఒక్కదాన్ని వద్దన్నవాణ్ని నేను. తప్పయింది సార్ అనడానికి నాలుగేళ్లు దొరికాయి నాకు. ఆయన రోజూ నా ఎదురుగానే కూర్చున్నారు. అనలేదు.

పదకొండో రోజు అయిపోయాక ఆయన భార్య కిందికి వచ్చింది. "అన్నా, ఒక్కటి తీసుకొని మళ్ల వద్దన్నరంట కద ఎడిటరోళ్లు. ఆ కాయితం నీ దగ్గర ఉన్నదా? ఫొటో కాడ పెడ్త."

అంటే ఇంట్లో కూడా సార్ నా పేరు చెప్పలేదు.

"వాళ్లు కాదు చెల్లె. నేనే తీసేయించిన," అని మేకు నుంచి ఆ కాలర్ తీసి ఆమె చేతిలో పెట్టాను.

దాని మీద ఐదారు వరుసలే మిగిలాయి. ఆమె నిలబడి పైకి చదివింది. "తప్పు చొక్కాది కావచ్చు, వేసుకున్నవాడిది కావచ్చు, మా టైలరుది మాత్రం" అన్న దగ్గర వంపు తిరిగి కాగితం అయిపోయింది. ఆమె ఆ వంపు మీద వేలు పెట్టింది. "తర్వాత ఏముండె?" అని అడిగింది.

నేను విన్నది ఒక్కసారే. అయినా ఏదీ మర్చిపోలేదు. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, చిట్టీ రాసుకునే చదువు లేని సంగతి కూడా. చొక్కా కొలతలివ్వడానికి వచ్చినాయన పక్కన నిలబడి గట్టిగా నవ్వాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు పైన గదిలో సార్ ఫొటో, దాని కింద ఆ కాలర్ కాగితం ఉన్నాయి. ఫొటోలో వేసుకున్నది ఆ చొక్కానే. వచ్చినవాళ్లు చూసి, ఫొటో కుడి ఎడమలు తిరగేసి అచ్చు వేసినట్టున్నారే అంటారు. ఫొటో సరిగానే ఉంది, తప్పు కుట్టింది నేను అని చెబుతాను. సార్ మాత్రం కుడివైపు జేబులోని పెన్ను కోసం ఎడమ చెయ్యి సగం పైకెత్తి, అట్లాగే ఉన్నారు.