నేను గీయని అలలు

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానని అనడం కూడా సరికాదేమో. దాని మీదే బతికాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెబుదామని ఎన్నోసార్లు ఎదురుగా కూర్చున్నాను. నోరు రాలేదు.

నేను డ్రాయింగు మాస్టర్ని. రిటైరై నిజామాబాద్‌లోనే ఉంటున్నాను. ఊళ్లో నన్ను సముద్రం సారు అంటారు. నా అలల బొమ్మలు, సముద్రం మీది పొద్దుగూకులు హైదరాబాద్ హాళ్లలో వేలాడాయి, క్యాలెండర్లకెక్కాయి. వాటిలో మొదటి మూడింటి సంగతి చెప్పాలి. ఆ మూడూ లేకపోతే తక్కినవి లేవు.

స్వరూపది బోధన్. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. అది మూతపడ్డాక బోరు మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు. తల్లి బీడీలు చుట్టేది. నేను బోధన్‌లో పనిచేసిన రోజుల్లో ఆ పిల్ల నా దగ్గరే బొమ్మలు నేర్చుకుంది. డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో ఒక హోటల్లో ఉద్యోగం దొరికింది. అక్కడ బీచిలో కొందరు పొడవాటి పలకల మీద నిలబడి అలల మీద జారుతుంటే చూసి, తనూ నేర్చుకుంది. సర్ఫింగ్ అంటారని ఆమె చెబితేనే విన్నాను. మంజీరలో ఈదిన పిల్లకు నీళ్లంటే భయమేముంటుంది? సెలవు దొరికితే చాలు, అలలు బాగా లేచే చోటికి రైలెక్కేది. పూరీ, గోకర్ణం, వర్కల. నీళ్లలోంచి వచ్చి, ఒళ్లు ఆరకముందే ఒడ్డున కూర్చుని బొమ్మ వేసేది.

నాలుగేళ్ల తర్వాత ఒక ఎండాకాలం, మధ్యాహ్నం పూట, మా ఇంటికి వచ్చింది. ఎండకు మాడి నల్లబడింది. చేతిలో మూత బిగించిన ప్లాస్టిక్ పైపు. అందులోంచి చుట్టిన కాగితాలు తీసి గది నిండా పరిచింది. ముప్పైకి పైనే ఉంటాయి.

అప్పటికి నాకు యాభై దాటింది. సముద్రం చూడలేదు. కందకుర్తి దగ్గర గోదావరి గీశాను, సిరికొండ గుట్టలు గీశాను, పసుపు చేలు గీశాను. చూసినవాళ్లు బాగుందన్నారు, మరిచిపోయారు. ఆమె పరిచిన కాగితాల్లో ఉన్నది గట్టున నిలబడి చూసే సముద్రం కాదు. పలక మీద బోర్లా పడుకున్న మనిషి కళ్లకు కనబడేది. అల లేచి విరగబోయే ముందు దాని అంచు పలచబడి, వెనకనున్న పొద్దు అందులోంచి దూరి, లేత ఆకుపచ్చగా వెలుగుతోంది. అక్కడక్కడ రంగులో ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి.

చూడగానే తెలిసిపోయింది. నేను నేర్పిన పిల్ల నన్ను దాటి ఎంతో దూరం పోయింది. సంతోషపడాల్సిన చోట కడుపు మండింది. ఎందుకు మండింది? ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. వయసా, ఈర్ష్యా, ఎవరూ నన్ను పట్టించుకోలేదన్న ఉక్రోషమా? ఏ పేరు పెట్టినా అది చిన్నబుద్ధే.

ఆమె గోడకానుకుని కూర్చుంది. బోధన్‌లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు పని తండ్రి మాట్లాడి పెట్టాడట. వారంలో చేరాలి. చేరితే ఇక తిరుగుళ్లు ఉండవు.

"మీరు మంచిగున్నయంటె మళ్ల పోత సార్. లేకుంటె ఈడనే ఉంట. బాపుకు గూడ అదే చెప్పి వచ్చిన."

నేను ఒక్కో కాగితం లేపి చూస్తున్నట్టు నటించాను.

"ఇవి నీళ్లు కాలేదమ్మా. ఉత్త రంగులే కనవడుతున్నయి."

"అన్నిట్లనా సార్?"

"అన్నిట్ల."

"గంత దగ్గరి నుంచి సూసిన గద."

"దగ్గరి నుంచి సూసినోళ్లకే కనవడదు."

ఆ మాట అన్నాక నాకు నేనే తెలివైనవాడిలా అనిపించాను. అదింకా సిగ్గు. ఆమె కాగితాలన్నీ చుట్టి పైపులో పెట్టి నా ముందుకు జరిపింది. ఇంటికి తీసుకెళ్తే మళ్లీ మళ్లీ చూడబుద్ధవుతుందనీ, మీ దగ్గరే ఉంచండనీ చెప్పి, కాళ్లకు మొక్కి వెళ్లిపోయింది.

ఇంకొకటి చెప్పాలి. జిల్లా నుంచి ఒక కొత్త చిత్రకారుడి పేరు రాసి పంపమని హైదరాబాద్‌లో ప్రదర్శన పెడుతున్నవాళ్లు నాకు ఉత్తరం రాశారు. ఆమె నా ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది.

ఆమె పేరు పంపలేదు, నా పేరే రాశాను. ఆమె బొమ్మల్లో మూడింటిని పెద్ద కాన్వాసుల మీదికి ఎత్తుకున్నాను. కుడి అలను ఎడమకు తిప్పాను, సాయంత్రానికి కాస్త ఎరుపు ఎక్కించాను, కింద నా సంతకం పెట్టి పంపాను. జనం వాటి ముందు ఆగిపోయారట. సముద్రం లేని జిల్లా నుంచి సముద్రం వచ్చిందని పత్రికలు రాశాయి. ఆ తర్వాత నేనూ విశాఖ వెళ్లాను, ఒడ్డున నిలబడి చూశాను, చాలా గీశాను. ఆ ఆకుపచ్చ వెలుగు నాకెన్నడూ కనబడలేదు. ప్రతిసారీ ఆమె కాగితాల్లోంచే తెచ్చుకున్నాను.

పేరు పెరిగాక ఇంటికి వచ్చిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. ఎవరైనా చూస్తే? ఒక రోజు డాబా మీద ఎండుటాకులతో కలిపి అన్నీ కాల్చేశాను. ఒక్కటి కూడా మిగల్చలేదు. కాబట్టి మీకు చూపించడానికి నా దగ్గర సాక్ష్యం ఏమీ లేదు, నా మాట తప్ప. నా మాటకు విలువెంతో మీకిప్పుడు తెలుసు.

పోయిన ఏడు స్వరూప కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంకా అదే స్కూల్లో లెక్కలు చెబుతోంది. పాపకు బొమ్మల పిచ్చి పట్టిందట, చూపిద్దామనుకుంది, పాత బొమ్మలు ఉన్నాయా అని అడిగింది. చెదలు తిన్నాయని చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

"పోనియ్యున్రి సార్. అవి గంత గొప్పయేం గావు గద," అంది.

ఎదురుగోడకు ఆ మూడింటిలో ఒకటి వేలాడుతోంది. దాని ముందు స్వరూప చాలాసేపు నిలబడింది. నేను వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను. తిరిగొచ్చేసరికి ఇంకా అక్కడే ఉంది. గుర్తుపట్టిందా? పట్టి, ముసలాడి పరువని ఊరుకుందా? లేక నా మాటను అంతగా నమ్మి, తన చేతి పనిని తానే పోల్చుకోలేకపోయిందా? చివరిదే అయితే నేను చేసింది దొంగతనం కంటే పెద్దది.

ఆ తర్వాత రెండుసార్లు బోధన్ బస్సెక్కాను. ఒకసారి బస్టాండులోనే దిగి వెనక్కి తిరిగాను. ఇంకోసారి వాళ్లింట్లో చాయ్ తాగి, వానల గురించి మాట్లాడి వచ్చాను. క్షమించమని అడగడానికి కూడా ఒక ధైర్యం కావాలి, నాకది లేదు. అడిగితే ఆమె సరేనంటుందేమోనని మరీ భయం. ఆ సరే నాకు దక్కకూడదు.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. స్వరూపా, ఆ బొమ్మలు బాగున్నాయి. అన్నిటికి అన్నీ బాగున్నాయి. నేనెన్నడూ చూడని నీళ్లు వాటిలో ఉన్నాయి. ఆ రోజు చెప్పాల్సిన మాట ఇంతే. ఇంత చిన్నది.