రెండో ఆరాధన

మొన్న మా పాప స్కూలు కాయితాలు జిరాక్స్ తీయించడానికి అమీర్‌పేటలో మెట్ల కింది దుకాణం ముందు నిలబడ్డాను. మిషన్ లోంచి అప్పుడే బయటికొచ్చిన వేడి కాయితం వాసన తగిలేసరికి ఎన్ని కాపీలు కావాలో కూడా మర్చిపోయాను. అందరికీ చిన్నతనమంటే తొలకరి మట్టి వాసనంటారు. యూసుఫ్‌గూడ కిరాయి గదుల్లో మాకు మట్టెక్కడిది, ఉన్నదంతా గచ్చే. నా చిన్నతనం జిరాక్స్ కాయితం వాసనేస్తుంది, అందులో నాకు సిగ్గేం లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది, అదే చెప్తాను.

మా అమ్మ సోమాజిగూడలో ఒక ఆస్పత్రిలో ఆయా. ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కితే సాయంత్రం దాకా నిలబడే పని. పక్కల మీద దుప్పట్లు మార్చాలి, నేల తుడవాలి, ముసలి రోగుల్ని చక్రాల కుర్చీలో ఎక్స్‌రే గదికి తోసుకుపోవాలి. ఇంటికొచ్చాక గడప మీద కూలబడి మోకాళ్లకు వేడి ఆవనూనె రాసుకుంటూ, ఆస్పత్రి వాకిట్లో రోగుల పేర్లు రాసుకునే కౌంటర్ గురించి చెప్పేది. ఆ కౌంటర్ వెనక ఒక కుర్చీ ఉండేది, అమ్మకు ఆ కుర్చీ కావాలి. పదో తరగతి పాసైంది, చేతిరాత ముత్యాలే, ఒక్క ఇంగ్లీషే రాదు. ఆస్పత్రి మేట్రనమ్మ ఒకరోజు, "మాట్లాడడం నేర్చుకో, క్రిస్మస్ అయినంక చూద్దాం" అన్నదట. ఆ ఒక్క ముక్కతో మా ఇల్లు తలకిందులైంది.

అమీర్‌పేటలో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే క్లాసుకు, పొద్దున ఆరింటి బ్యాచ్‌లో చేరింది. నాన్న సినిమా షూటింగుల్లో లైట్లు మోసేవాడు, తెల్లారకముందే కృష్ణానగర్ పోయేవాడు. నన్ను ఒక్కదాన్నే వదల్లేక అమ్మ నా చెవులకు మఫ్లర్ చుట్టి తనతో లాక్కుపోయేది. ఆ చలిలో అమీర్‌పేట సందులు అప్పటికే కిటకిటలాడేవి. ఇడ్లీ బండ్ల ఆవిరి, హాస్టళ్ల నుంచి తడి తలలతో పరిగెత్తే అన్నలూ అక్కలూ, చేతికి అందినవాళ్లందరికీ కరపత్రాలు అంటగట్టేవాళ్లు, గోడ అన్నది కనబడకుండా మేకులేసిన బోర్డులు. నాలుగంతస్తులు ఎక్కితే మా క్లాసు. సారు గుంటూరు వైపు మనిషి, రోజుకు పది మాటలున్న జిరాక్స్ కాయితం పంచి, "ఏంటమ్మా, గొంతు పెగలదేంటి మీకు?" అని అందర్నీ సమానంగా తిట్టేవారు. నేను వెనక బెంచీలో కూర్చుని ఆ పది మాటలూ అమ్మకంటే ముందే బట్టీ పట్టేసేదాన్ని. ఫీజు అమ్మది, చదువు నాది అయింది.

సాయంత్రాలు మా ఆట కూడా మారిపోయింది. గచ్చు మీద సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి ఒక్కో గడిలో ఒక్కో ఇంగ్లీషు మాట రాసేదాన్ని. నేను గడి దూకగానే అమ్మ గడప మీంచి దాని అర్థం చెప్పాలి, తప్పు చెప్తే నేను ఔట్. అమ్మ తప్పులకు నేను ఔటవడం నాకు ఒళ్లు మండించేది. నాన్న బీడీ ముట్టించుకుంటూ, "గిట్లనే చదివితే రేపు నాతోని సుత ఇంగ్లీషులనే కొట్లాడుతది మీ అమ్మ" అని నవ్వేవాడు.

మాటలొచ్చాయి, వ్యాకరణం కూడా కిందా మీదా పడి ఒక దారికొచ్చింది, చెవే పట్టలేదు. ఎవరైనా గబగబా మాట్లాడితే అమ్మ మొహం తెల్లబోయేది. "రోజూ వినాలమ్మా, అర్థం కాకపోయినా వినాలి" అన్నారు సారు. ఎక్కడ వినాలి? మేము చర్చిని గుడి అనే అంటాం. పంజాగుట్టలో మేం వెళ్లే గుడిలో పొద్దున తెలుగు ఆరాధన, అది కాగానే ఇంగ్లీషు ఆరాధన. తెలుగువాళ్లం చెప్పులేసుకుని బయటికొస్తుంటే కార్లవాళ్లు లోపలికి పోయేవారు. ఒక ఆదివారం అమ్మ నా రెక్క పట్టుకుని మళ్లీ లోపలికి నడిచింది, చిట్టచివరి బెంచీలో కూర్చుంది, నోట్‌బుక్ తెరిచింది. ఆ రోజు నుంచి మేము వారానికి రెండు ఆరాధనలు చేశాం. ఆకలితో నా పేగులు అరుస్తుంటే అమ్మ మాత్రం చెవికి దొరికిన ప్రతి మాటా తెలుగు అక్షరాల్లో రాసుకునేది. పాస్టరయ్య అది చూసి, ప్రసంగం పొల్లు పోకుండా రాసుకుంటున్నదని మురిసిపోయారు. లిజనింగ్ ప్రాక్టీసని ఆయనకు ఎవరు చెప్తారు?

ఆ మురిపెమే మా కొంప ముంచింది. డిసెంబర్లో, ఇంట్లో పండక్కి తీపి గర్జెలు వేయించిన నూనె వాసన ఇంకా బట్టలకు ఉన్న ఒక ఆదివారం, రెండో ఆరాధనలో పాస్టరయ్య వెనక బెంచీ వైపు చెయ్యి చాపి, రోగుల కోసం ప్రార్థన చేయమని అమ్మను పిలిచారు. ముందు వరసలో మేట్రనమ్మ కూర్చుని ఉంది. ఆమె తల తిప్పి చూడ్డం నేను చూశాను, అమ్మా చూసింది.

అమ్మ లేచి కొంగు తలమీద కప్పుకుంది. "లార్డ్, ప్లీజ్ హెల్ప్ ద సిక్ పీపుల్. గివ్ దెమ్ స్లీప్. గివ్ దెమ్ స్ట్రెంగ్త్." బాగానే సాగింది. "దోజ్ హూ ఆర్ క్రయింగ్, గివ్ దెమ్..." అని ఆగిపోయింది. గుడంతా కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది. అమ్మ నా వైపు వంగి, పెదాలతో, "ఓదార్పు" అంది. నాకు తెలుసు. కంఫర్ట్. ఆ వారం కాయితంలో ఏడో మాట. కానీ పక్క బెంచీలో మా స్కూలు అమ్మాయిలిద్దరు, రిబ్బన్లు, తెల్ల సాక్సులు, ఒకరినొకరు గిల్లుకుని నవ్వుతున్నారు. నేను ఈమె కూతుర్నని వాళ్లకు తెలియకూడదనుకున్నాను. తల దించుకుని పాటల పుస్తకంలో పేజీ తిప్పాను.

"గివ్ దెమ్ ఓదార్పు. ఆమెన్," అని అమ్మ కూర్చుంది. అందరూ ఆమెన్ అన్నారు. మేట్రనమ్మ మళ్లీ వెనక్కి చూడలేదు.

పంజాగుట్ట నుంచి నడుచుకుంటూ వస్తుంటే దారి పొడుగునా అమ్మకు రెండడుగులు వెనకే నడిచాను. నాలుగు తగిలిస్తుందనుకున్నాను. ఇంటి సందు మలుపులో అమ్మ అడిగింది.

"ఆ మాట నీకు సుత తెల్వదా బిడ్డా?"

"తెల్వదమ్మా."

"పోనీ తియ్, ఫికర్ జెయ్యకు. ఇద్దరం నేర్చుకుందాం."

ఆ రోజు అన్నాలు తిన్నాక కాయితం వెతికి, ఆ మాట నా నోట్‌బుక్‌లో తన ముత్యాల రాతతో పైన ఒకసారి రాసి, కింద పదిసార్లు నాతో దిద్దించింది. నేను దిద్దాను. ఏడుపొస్తుంటే, ప్రార్థన చెడిపోయినందుకు ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరింది. ఛీ, ఏం పిల్లను నేను!

ఆ క్రిస్మస్ అయ్యాక కుర్చీ వేరే అమ్మాయికి పోయింది. అమ్మకు అది దక్కడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. నా వల్లేనా? ఏమో, కాకపోవచ్చు కూడా. కానీ ఆ రెండేళ్లు ఆమె నిలబడే పనిచేసింది.

మా నాలుగో అంతస్తు క్లాసు ఇప్పుడు లేదు, ఆ బిల్డింగే లేదు. సారు ఏమయ్యారో తెలియదు. నాన్న పోయి చాలా కాలమైంది. ఇప్పటి పిల్లలు మెట్రోలో చెవుల్లో ఏదో పెట్టుకుని ఒక్కరే ఇంగ్లీషు వింటున్నారు, తొక్కుడుబిళ్ల గళ్లు గీసుకునే గచ్చు మీద బండ్లు నిలబడ్డాయి. అమ్మ రిటైరై నా దగ్గరే ఉంటోంది, మోకాళ్ల వల్ల మెట్లు ఎక్కలేకపోతోంది.

జిరాక్స్ తీయించుకుని ఇంటికొచ్చేసరికి అమ్మ మా పాపను ముందేసుకుని కూర్చుంది. "మీ అమ్మ ఇంగ్లీషు గింత మంచిగ మాట్లాడ్తది గదా, చిన్నప్పుడు కంఫర్ట్ అంటే సుత తెల్వకుండె. నేనే నేర్పిన" అని చెప్తోంది. మొహం నిండా గర్వం.

పాప నమ్మలేదు. "నిజమా మమ్మీ?" అంది. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"అవును బిడ్డా" అన్నాను. "నాకు తెల్వకుండె. అమ్మమ్మనే నేర్పింది."