చేపల విభాగంలో పడిన వ్యాసాలు

ఆమె పేరు ఎక్కడ కనిపించినా నాకు కడుపు మండేది. ఇప్పుడు దాచుకుని ఒరిగేదేమీ లేదు. ఇద్దరం శ్రీకాకుళంలో ఒకే ప్రొఫెసర్ గారి దగ్గర అర్థశాస్త్రంలో పరిశోధన చేసేవాళ్లం. మాది బజారులో కిరాణా కొట్టున్న ఇల్లు. ఆమెది భావనపాడు, వాళ్ల నాన్న సముద్రం మీద వేటకి వెళ్లేవాడు. నౌపడ ఉప్పు మడుల కూలీల మీద నేను ఒక్క వ్యాసం అచ్చు వేయించుకునేసరికి, ఎండుచేపల బేరం మీద ఆమెవి ఐదో ఆరో వచ్చేశాయి. నేను ఒక్కటీ చదవలేదు. చదివితే బాగున్నాయని ఒప్పుకోవాల్సి వస్తుందని భయం.

రెండువేల పదిహేను ప్రాంతంలో ప్రొఫెసర్ గారు నాకొక పని అప్పజెప్పారు. దేశమంతటి పరిశోధన వ్యాసాల వివరాలుండే డేటాబేస్‌లోంచి ఉత్తరాంధ్ర ఆర్థిక పరిస్థితుల మీద వచ్చినవన్నీ ఏరాలి. ఎవరు ఎన్ని రాశారో, ఆ వ్యాసాల్లో ఎవరు ఎవరిని ప్రస్తావించారో పట్టికలు వెయ్యాలి. ఏ వ్యాసం లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తేల్చే నియమం కూడా నేనే రాయాలి.

వెతుకుతుంటే ఒకటి కంటబడింది. ఆమె వ్యాసాలేవీ అర్థశాస్త్రం కింద లేవు. ఎక్కించినవాళ్లెవరో, చేపలనగానే మత్స్యశాస్త్రంలో పడేశారు. ఎండుచేప ఒడ్డున ఏ ధర పలుకుతుంది, సంతకెళ్లేసరికి ఎవరి వాటా ఎంత అని రాస్తే అది అర్థశాస్త్రం కాక మరేమిటి? శీర్షికలు చూస్తేనే తెలుస్తోంది. తెలిసే, అర్థశాస్త్రం విభాగంలో ఉన్నవే తీసుకోవాలని నియమం రాశాను. ప్రొఫెసర్ గారు పద్ధతిగా ఉందన్నారు. ఆమె పేరు జాబితాలోంచి మొత్తంగా పోయింది. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో రెండు ప్లేట్లు బజ్జీలు తిన్నాను.

నాలుగు రోజులకి ప్రస్తావనల పట్టిక తయారైంది. నా పేరు ఎదురుగా సున్నా. నా వ్యాసాన్ని ఒకరు ప్రస్తావించారని అదే డేటాబేస్‌లో ఎప్పుడో చూసుకుని ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ ఒకరెవరో చూసుకోలేదు. ఇప్పుడు చూశాను. ఆమే.

అప్పుడు ఆ వ్యాసం చదివాను. ఉప్పు కూలీల గురించి నేను రాసింది లేకపోతే ఎండుచేపల సంగతి తనకి సగమే అర్థమయ్యేదని రాసింది. వ్యాసం బాగుంది. ఒళ్లు మండిపోయేంత బాగుంది.

ఆమెను చేర్చితే మొదటి పేరు ఆమెదవుతుంది. చేర్చకపోతే ఆ ప్రస్తావన లెక్కలోకి రాదు, నాకు సున్నా. రెండు రోజులు తిండి సహించలేదు. చివరికి, విభాగం ఏదైనా సరే, విషయం చూసి తీసుకోవాలని నియమం మార్చాను. న్యాయం కోసం కాదు. నా ఒక్కటి నాకు కావాలి.

పట్టికలు డిపార్ట్‌మెంట్ గోడకి అంటించిన రోజు ఆమె పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఒసే, నా కాగితాలు సేపల్లో పడున్నాయని సారు సెప్పేవరకు నాకే తెల్దు. ఇంకెవులైనా అయితే వొగ్గేసేవోరు. నువ్వు గాబట్టి ఎతికి తెచ్చినావు."

"మరేటి సేస్తానే," అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుంటోంది. నేను ఆమె భుజం మీంచి, పట్టిక అడుగున నా పేరు పక్కన ఒకటి సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్నాను.