మేకుల కోసం తీసిన తలుపు

డెబ్బైల చివర్లో, అమలాపురంలో మా ఇంట్లో సగం మొదటిసారి అద్దెకిచ్చాను. నా ధ్యాసంతా కొత్తగా సున్నం వేయించిన గోడల మీదే. అద్దెకున్న మేష్టారూ, భార్యా బడికి వెళ్ళాక, మేకులు కొట్టారేమో చూద్దామని మారు తాళంచెవితో తలుపు తీశాను. లోపల మంచం మీద ఒక ముసలావిడ ఉంది.

“ఎవరండీ?”

“ఇంటివాణ్ణండి.”

“ఆయ్, నన్ను చూడ్డానికొచ్చేరా బాబుగారూ! మేష్టారి తల్లినండి. నిన్నే వచ్చేను. కాలు విరిగి లేవలేను, కూర్చోండి.”

కూర్చున్నాను. గోడలకేసి చూడలేకపోయాను.

సాయంత్రం మేష్టారు వచ్చి, “అమ్మని పలకరించేరంట, సంతోషమండి. ఈసారి మేమున్నప్పుడు రండి, టీ తాగుదురుగాని,” అన్నారు నెమ్మదిగా.

“అలాగేనండి,” అన్నానే గాని, క్షమించమనలేదు. నెల తిరక్కుండానే వాళ్ళు ఇల్లు మారిపోయారు.