ఆయుధపూజ నాడు ఆపిన పెట్టె

నగరిలో మా ఇల్లంతా మగ్గాల చప్పుడే. చుట్టాలొస్తే గొంతు పెంచి మాట్లాడేవాళ్ళు. మేము పెదవులు చూసి అర్థం చేసుకునేవాళ్ళం. మాట పెగలని నాకు ఆ చప్పుడు పెద్ద ఆసరా. నేను జవాబు చెప్పలేదని ఎవరికీ తెలిసేది కాదు, చెప్పినా వినపడలేదనుకునేవాళ్ళు. చెప్పని మాటలన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

తిరుపతిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న రోజులవి. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. వడమాలపేట దగ్గర కొంతమంది దిగితే సీటు దొరికేది, అప్పుడు పుస్తకం తీసేదాన్ని. మా కాలేజీ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరు మూతపడుతూ పాత కంప్యూటర్లు అమ్మేసింది. వాటిలో ఒకదాన్ని నాయన నాకోసం బస్సు టాపు మీద వేసుకుని తెచ్చాడు. దాన్నే నేను మా ఇంటి డిజైన్లు దాచే పెట్టెగా మార్చాను.

మా తాత గీసినవి, నాయన గీసినవి, చీర అంచుల డిజైన్లు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉండేవి. అన్నీ గ్రాఫు కాయితాలు. ఒక్కో చదరం ఒక్కో పోగు. నింపిన చదరం దగ్గర పోగు పైకి లేవాలి, ఖాళీ చదరం దగ్గర పడుకోవాలి. ఆ కాయితం చూసి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గం మీద పోగుల్ని ఎత్తే జాకార్డు యంత్రానికి తగిలిస్తారు. అట్టలు ఎక్కువ కాలం నిలవవు. చిరిగినప్పుడల్లా కాయితం చూసి మళ్ళీ కొట్టాలి. కాబట్టి కాయితమే మూలం. నేసిన చీర చూసి గీసుకోవచ్చు కదా అంటారేమో, నేసేవాళ్ళింట్లో నేసిన చీర మిగలదు.

ఆ కాయితాలకు చెదలు పట్టింది. నేను ఒక్కొక్కటీ స్కాన్ చేసి పెట్టెలో దాచాను. పెట్టెలో ఒకే సైజు హార్డ్ డిస్కులు రెండు పెట్టాను. ఒకదాంట్లో రాసింది అదే క్షణంలో రెండోదాంట్లోనూ రాసుకుంటుంది. ఒకటి పోయినా రెండోది నిలబడుతుంది. ఈ సంగతి ఒక పుస్తకంలో చదివాను. ఒకరు మరిచిపోతే గుర్తు చేయడానికి ఇంకొకరు పక్కనే ఉండడం మనుషుల్లో కూడా అరుదు కదా అనిపించింది. పెట్టె తనను తాను నడుపుకోవడానికి వేరే చిన్న డిస్కు ఇంకొకటి ఉండేది.

ఆ ఏడు భోగికి పాతవి మంటలో వేసేటప్పుడు, చెదలు పట్టిన కాయితాలు ఏం చేయాలని అమ్మ అడిగింది. నాయన నావైపు చూశాడు. "అన్నీ పెట్టెలో ఉండాయి నాయనా. ఒకటి కాదు, రెండు చోట్ల" అన్నాను. నా జీవితంలో అంత ధైర్యంగా చెప్పిన మాట అదొక్కటే. తాత చేతి గీతలు మంటలో ముడుచుకుపోతుంటే నాయన కొంచెం దూరంగా నిలబడి చూశాడు.

మధ్య గదిలో, మగ్గాల షెడ్డు గోడకు ఉన్న గూట్లో ఆ పెట్టె పగలూ రాత్రీ నడుస్తూనే ఉండేది. కరెంటు పోతే మగ్గాలు ఆగేవి, అది మాత్రం బ్యాటరీ మీద ఇంకొంచెంసేపు నడిచేది. నేను దాన్ని ఒక్కసారి కూడా కావాలని ఆపలేదు.

తర్వాత ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా వీధిలో ఏ మగ్గమూ ఆడదు. పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలు, నూలు చుట్టే కండెలు, కత్తెరలు, స్పానర్లు కడిగి పీట మీద పేర్చి, విభూతి, గంధం, కుంకుమ పెడతారు. బొరుగులు, పప్పులు, బెల్లం పంచుతారు. ఏడాదికి ఒక్కరోజు ఊళ్ళో కాకి అరుపు వినపడుతుంది. ఆ నిశ్శబ్దంలో మధ్య గదిలో పెట్టె ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. అమ్మ చేతిలో కుంకుమ గిన్నెతో దాని ముందు నిలబడింది.

"అన్నీ పండుకున్నాయి, ఇదొక్కటీ బుసకొడతా ఉండాల్నా? ఇది గూడా అలిసిపోయుంటాది, ఒక్కరోజు ఆపు పాపా" అంది.

పనిముట్టుకు విశ్రాంతి ఇవ్వకపోతే పూజ పూజే కాదు మా ఇంట్లో. నేను పద్ధతి ప్రకారమే ఆపాను. ఫ్యాను ఆగింది. అమ్మ దాని నుదుట మూడు విభూతి గీతలు దిద్ది బొట్టు పెట్టింది. పెట్టె అందంగానే ఉంది. ఆ మాట డైరీలో కూడా రాశాను.

మర్నాడు విజయదశమి. తాత కాలం నుంచి మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆ పొద్దున మొదటి మగ్గం మీద తాత గీసిన మామిడిపిందెల అంచు జానెడు నేసి, ఆ తర్వాతే మామూలు పని మొదలుపెడతారు. ఆ ఏడు ఆ అట్టలు పూర్తిగా చిరిగిపోయాయి. కొత్త అట్టలకు మొదటి రంధ్రం ఆ పొద్దునే కొట్టాలని నాయన తలస్నానం చేసి, సుత్తి, పోటు పట్టుకుని కూర్చున్నాడు. తాత డిజైను ప్రింటు తీసివ్వమన్నాడు.

నేను స్విచ్చి వేశాను. పెట్టె లేచింది. డిజైన్లు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఇంకొంచెం టైము పట్టాది నాయనా" అన్నాను. అబద్ధమేమీ కాదు.

మూత విప్పాను. లోపల నూలు నూగు దూదిలా పేరుకుని ఉంది. బ్రష్షుతో ఊడ్చాను. తీగలన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాను. తీగలు అటూ ఇటూ మార్చాను. ఏ తీగ ఎటు మార్చినా ఒక డిస్కు టక్, టక్ మని కొట్టుకుంటోంది, రెండోది అసలు చప్పుడే చేయడం లేదు. రెండూ ఒకేసారి పోవడం ఎట్లా సాధ్యం? ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందనే కదా రెండు పెట్టింది.

పెట్టె అమ్మినాయన తిరుపతిలో రిపేరు షాపు పెట్టుకుని ఉన్నాడు. ఫోను చేశాను. ఫోనులో మాట్లాడాలంటే ముందు కాయితం మీద రాసుకునే నేను ఆ రోజు రాసుకోలేదు. ఆయన అంతా విని, నెలల తరబడి ఆపనిదాన్ని ఎందుకు ఆపావని అడిగాడు. "వేడిగా ఉన్నంతసేపు తిరగతా ఉంటాదమ్మా. సల్లారిందంటే లోపల కరుసుకుంటాది. ఇంక లేవదులే, కొత్తది యేసుకో." కొత్తది వేసుకోవచ్చు. దాంట్లో పెట్టడానికి ఏముంది?

అప్పుడు గుర్తొచ్చింది. ఇలాంటి పెట్టె తన బాగోగుల గురించి తన యజమానికి ఉత్తరాలు రాస్తుందని ఎక్కడో చదివాను. ఆ ఉత్తరాలు చిన్న డిస్కులోనే ఒక మూల పడి ఉంటాయి. ఆ యజమానిని నేనే. ఒక్కనాడూ తెరిచి చూడలేదు. తెరిచాను. నూట యాభైకి పైగా ఉత్తరాలు. అన్నీ ఒకే మాట: రెండు డిస్కుల్లో ఒకటి జవాబివ్వడం లేదు, ఒక్కదాని మీదే నడుస్తున్నాను. రోజుకొకటి, రోజూ ఒకే వేళకు, విసుగు లేకుండా. నాలాగే అదీ డైరీ రాస్తోంది. నాదీ ఎవరూ చదవలేదు, దానిదీ ఎవరూ చదవలేదు.

మొదటి ఉత్తరం తేదీ చూసి నా డైరీలో ఆ పేజీ తీశాను. "గోడకు అవతల కొత్త మగ్గం బిగించారు. గూట్లో గ్లాసులు రోజంతా గలగలమంటూనే ఉన్నాయి. తల నొప్పి." గ్లాసులు గలగలమన్నాయని రాశాను గానీ, ఆ గ్లాసుల పక్కనే ఏముందో తలెత్తి చూడలేదు. ఆ అదురుకు ఒక డిస్కు ఆ రోజే పోయింది. మిగిలింది ఒంటరిగా అయిదు నెలలు మోసింది. దాన్నే నేను పూజ కోసం ఆపాను.

షెడ్డులోకి పోయేసరికి నాయన ఒక గ్రాఫు కాయితం ముందు పెట్టుకుని పెన్సిలుతో చదరాలు నింపుతున్నాడు. తాత అంచును జ్ఞాపకం మీద గీయాలని చూస్తున్నాడు. ఏడో వరస దాకా వచ్చి ఆగిపోయాడు. పిందె తొడిమ ఎక్కడ తిరగాలో తెలియడం లేదు.

నేను డైరీ తెచ్చుకున్నాను. అందులోంచి ఒకరికి చదివి వినిపించడం అదే మొదటిసారి. కొత్త మగ్గం గురించి రాసిన మూడు మాటలూ చదివాను. తర్వాత పెట్టె రాసిన ఉత్తరాల సంగతి చెప్పాను. చివరికి, "కాయితాలు కాల్చమనింది నేనే నాయనా" అన్నాను.

నాయన పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. "పద, ఆ రెండూ యాడుండాయో సూపించు" అన్నాడు.

ఆయనకు కంప్యూటరు తెలియదు. మౌసు కూడా ముట్టేవాడు కాదు. గూటి ముందు కూర్చుని, నన్ను కరెంటు ఇవ్వమని, మొదట కొట్టుకుంటున్న డిస్కుకు చెవి ఆనించాడు. "ఇది నాడె పోయి గోడకు కొట్టుకుంటా ఉండాది. దీన్ని వదిలెయ్" అన్నాడు. తర్వాత చప్పుడు లేని డిస్కు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మగ్గం పాడైతే మెకానిక్కు కంటే ముందు ఆయన అట్లాగే చేతులేసి చూస్తాడు. మళ్ళీ ఆపు, మళ్ళీ వెయ్యి అన్నాడు. నాలుగుసార్లు వేశాను.

"మోటారు లాగతా ఉండాది పాపా. ఏలికి తెలస్తా ఉండాది. లోపల పట్టేసింది, అంతే. పండగ మర్నాడు మన రెండో మగ్గం సేస్తాదే, అట్ల."

మా రెండో మగ్గం ఒక్కరోజు ఆగితే మర్నాడు మొరాయిస్తుంది. చక్రం పట్టుకుని ఒక్క తోపు తోస్తే లేస్తుంది. కానీ ఈ డిస్కు నాలుగు వైపులా మూసిన ఇనుప బిళ్ళ. తోయడానికి బయట ఏముంది అని అడిగాను.

"బయటిదాన్నే తిప్పుదాం. గబుక్కున తిప్పితే లోపలిది ఆడనే ఉంటాది గదా."

ఆ మాట జడత్వం పేరుతో ఇంటర్మీడియట్ ఫిజిక్సు పుస్తకంలో ఒక పేజీ పొడుగునా చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది నా చేతికి ఎప్పుడూ అందలేదు. నాయన డిస్కును తీగలతోనే అరచేతిలో పెట్టుకున్నాడు. ఇటు కరెంటు ఇస్తూనే ఉన్నాను. ఆయన మణికట్టు ఒక్కసారి, తాళం తిప్పినట్టు, చటుక్కున తిరిగింది. ఏమీ లేదు. ఇంకోసారి. మూడోసారి ఆయన చేతిలో సన్నగా ఒక కూత మొదలై, పెరిగి పెరిగి, ఒకే స్థాయిలో నిలకడగా సాగింది. ఆ కూత నేను నెలల తరబడి వింటూ పట్టించుకోనిదే.

తెర మీద తాత డిజైన్లు ఒక్కొక్కటే వరసగా వచ్చాయి. నేను నోరు తెరిచి నాయన చేతివైపే చూస్తున్నాను.

"సూస్తా కూసోవద్దు, దింపుకో" అన్నాడు.

దింపుకోవడానికి చిన్న డిస్కు తప్ప వేరే చోటు లేదు. అది నిండిపోయి ఉంది. ఇంటర్నెట్ సెంటర్లలో గంటలు గంటలు కూర్చుని పోగేసుకున్న పుస్తకాలు, కథలు, నవలలు అందులోనే ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ వాటి సంగతి తెలియదు. నేను వాటిని చెరిపేయడం మొదలుపెట్టాను.

నాయన తెర చూస్తూనే ఉన్నాడు. "ఏందవి?"

"పుస్తకాలు."

"సదివినావా?"

"కొన్ని."

"తీసెయ్యకుంటే కుదర్దా?"

కుదరదన్నాను. చివరి వరస చెరిపేటప్పుడు ఆయన, "పేర్లన్నా రాసి పెట్టుకో" అన్నాడు. టైము లేదు. గుర్తున్నవి తర్వాత డైరీలో రాసుకున్నాను.

డిజైన్లన్నీ దిగడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నాయన డిస్కును కింద పెట్టలేదు. కింద పెడితే అదురుకు మళ్ళీ పట్టేస్తుందని భయం. అమ్మ టీ తెస్తే ఎడమచేత్తో తాగాడు. వీధిలో మగ్గాలన్నీ ఒక్కొక్కటే మొదలవుతున్నాయి. గోడ అవతలి మా మగ్గాల దగ్గరకు మాత్రం ఎవరినీ పోనివ్వలేదు. అరవైలో పడబోతున్న మనిషి, ఎప్పుడూ నిలకడగా కూర్చోని మనిషి, ఇనుప బిళ్ళను పసిబిడ్డ తలలా పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను కదిలే అంకెలు చూడాలా, ఆయన్ని చూడాలా తెలియక రెండూ చూశాను. మొత్తం దిగాయి. ఒక్కటీ పోలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక తాత అంచు ప్రింటు తీశాను. నాయన తన పెన్సిలు కాయితాన్ని దాని పక్కన పెట్టుకుని చూశాడు. ఏడో వరసలో తొడిమ కుడివైపు తిరుగుతుందని ఆయన అనుకున్నాడు. తాత ఎడమవైపు తిప్పాడు. "సూడు, ఆయప్ప ఎంత తిక్కోడో" అని నవ్వి, మొదటి అట్టకు మొదటి రంధ్రం కొట్టాడు.

ఆ డిస్కును ఆపాక అది మళ్ళీ తిరగలేదు. కొత్తవి రెండు తెచ్చి పెట్టెను అవతలి గోడకు, అమ్మ బియ్యం డ్రమ్ము మీదికి మార్చాను. పొద్దున కాఫీ తాగే ముందు పెట్టె రాసిన ఉత్తరం చదవడం అలవాటైంది. డిజైన్లన్నిటినీ ప్రింటు తీసి ట్రంకులో కూడా పెట్టాను, వేపాకు మధ్య.

మరుసటి ఏడు ఆయుధపూజకు అమ్మ ఆపమనలేదు. నడుస్తున్న పెట్టెకే, ఫ్యాను రెక్కకు తగలకుండా, వేలికొసతో బొట్టు పెట్టింది. పీట మీద నాడెల వరసలో నాయన చేతిలో తిరిగిన ఆ పాత డిస్కు కూడా ఉంది. నాయన ఒక్కోదానికీ గంధం పూస్తూ వచ్చి, దాని దగ్గర ఆగి, చేతిలోకి తీసుకున్నాడు. మణికట్టు ఒకసారి చటుక్కున తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత గంధం పూసి మెల్లగా నాడెల పక్కన పెట్టాడు.