ఎంతమందికి తగ్గింది?

లక్సెట్టిపేట దవాఖానలో కాంపౌండర్ అంబదాస్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరేం చెప్పినా "ఎంతమందికి?" అని అడగడం. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో ఊరంతా ఆ ప్రశ్నకు జడిసేది. "తిప్పతీగతోని జరం పోతది సాబ్" అని ఎవరైనా నోరు జారితే చాలు, సైకిల్ దిగి స్టాండు వేసేవాడు. "ఎంతమందికి ఇచ్చినవ్? ఎంతమందికి పోయింది? తాగనోళ్లకు ఎన్ని దినాలల్ల పోయింది?" చెప్పినవాడికి అక్కడికక్కడే జ్వరం వచ్చేది.

ఆ అలవాటు మందుల దగ్గరే ఆగినా బాగుండేది. ఒక పెళ్లిలో పెళ్లికూతురి తండ్రి "మా అల్లునసొంటి అల్లుడు యాడ దొరకడు" అని మురిసిపోతుంటే, "ఎంతమంది అల్లుళ్లను చూసినవ్?" అని అడిగాడు. ఆ పెద్దమనిషికి ఉన్నది ఒక్కతే బిడ్డ. ఆ పూట అంబదాస్ విస్తరిలోకి రెండో లడ్డూ రాలేదు.

అందరికంటే ఎక్కువగా ఈ పోరు పడింది కిష్టవ్వ. ఆమె అంగడిలో గోనెపట్టా పరిచి ఆకులు, వేర్లు అమ్మేది. ముప్పై ఏళ్లలో ఆమె మందును పొగిడినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. ఎంతమందికి తగ్గిందని అడిగినవాడు మాత్రం ఇతనొక్కడే.

ఒక వానాకాలం అంబదాస్ ఆమె పట్టా అంచు ఎత్తి కింద ఇంకేం వేర్లున్నాయో చూడబోతే, అతని ఎడమచేతిని తేలు కుట్టింది. కిష్టవ్వ ఉత్తరేణి ఆకు నలిపి పసరు పట్టించింది. కాసేపటికి మంట చల్లబడింది.

"ఇప్పుడేమంటవ్ సాబ్?"

"ఒక్కనికే కద తగ్గింది! పసరు పెట్టకున్నా తగ్గుతుండెనేమో. కుడిచేతికి సుత కుట్టించుకొని, ఏం పెట్టకుంట చూడాలె."

పరాచికమనుకుంది కిష్టవ్వ. మర్నాడు పొద్దున అతను ఇంటి వెనక రాళ్లు ఒక్కొక్కటే లేపుతుంటే, భార్య దేవవ్వ చీపురు పట్టుకొని వెంటపడిందట. "రెండు చేతులు ఉబ్బినంక బువ్వ నేను తినిపియ్యాల్నా?" అని. ఆ పరిశోధన అంతటితో ఆగింది.

తర్వాత అతని చూపు పచ్చకామెర్ల మందు మీద పడింది. కిష్టవ్వ నేల ఉసిరి నూరి మజ్జిగలో తాగమని ఇచ్చేది. ఎవరు తీసుకుపోయినా, మర్నాటికల్లా అంబదాస్ సైకిల్ వాళ్ల గుమ్మం ముందు ఉండేది. కళ్లు చూసేవాడు, గోళ్లు చూసేవాడు, చిన్న పుస్తకంలో ఏదో గీక్కునేవాడు.

"నా నోటికాడి బుక్క గుంజుతవా సాబ్?" అని నిలదీసింది కిష్టవ్వ.

"లేదు కిష్టవ్వా. కామెర్లు శానమందికి వాటంతటవే తగ్గుతయి. నీ మందుతోని తగ్గిందో, ఊకెనే తగ్గిందో ఎరుక కావాలె కద!"

ఊకెనే అన్న మాటకు కిష్టవ్వ నెల రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ ఎండాకాలం నేతగాళ్ల వాడలో బాలలక్ష్మి అనే ఆమెకు కామెర్లొస్తే కిష్టవ్వ మందు ఇచ్చింది. ఎనిమిదోనాడు పుస్తకం పట్టుకొని వెళ్లిన అంబదాస్‌కు ఆమె జబ్బు ముదిరి మత్తులో కనిపించింది. పేరడిగితే తప్పు చెప్పింది. అతను పుస్తకం అక్కడే పారేసి, దారిన పోయే బస్సును ఆపి, మంచిర్యాల దవాఖానకు తీసుకుపోయాడు. మూడు వారాలకు ఆమె తన కాళ్ల మీద నడిచి ఇంటికి వచ్చింది.

మరుసటి అంగడినాడు కిష్టవ్వ పట్టా చుట్టూ జనం మూగారు. "గీ ముసల్దాని మందుకు నా పెండ్లాం పానం పోతుండె! దీన్ని అంగట్ల కూసోనియ్యద్దు" అని బాలలక్ష్మి భర్త రాయమల్లు కేకలేశాడు. కిష్టవ్వ వేర్లు మూటగట్టబోయింది. ఇంతలో వెనక సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినిపించింది. ఇన్నాళ్లకు ఇతని కోరిక తీరిందనుకుంది ఆమె.

"ఎంతమందికి పోతుండె?" అన్నాడు అంబదాస్.

రాయమల్లు బిత్తరపోయాడు. "ఒక్కదానికి..."

"కిష్టవ్వ ఇచ్చింది నలభై ముగ్గురికి. నలభై ఇద్దరు మంచిగున్నరు. ఒక్కదానికి రోగం ముదిరింది. మందుతోనే ముదిరిందని నీకెట్ల తెలుసు? రుజువు లేకుంట పొగిడితేనే ఊకోనోణ్ని, రుజువు లేకుంట తిడితే ఊకుంటనా?"

రాయమల్లు గుంపులోంచి బయటపడ్డాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

"ఇగ నుంచి మత్తుగున్నోళ్లను సీదా నీకాడికే తోలుత సాబ్" అంది కిష్టవ్వ. తన మందు తాగినవాళ్లను చూద్దామని ఆ సాయంత్రం అతని వెంటే నడిచింది.

మొదటి ఇంట్లో ముసలాయన "మీరు చెప్పినకాడికెల్లి సారా ముడుతలేను సాబ్" అన్నాడు. రెండో ఇంటావిడ "నువ్వు తెచ్చిన గ్లూకోజు ఒడిసింది బిడ్డా" అని ఖాళీ డబ్బా చూపింది. మూడో ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ల కుండ మూత తీసి మరీ చూపించారు.

వీధిలోకి వచ్చాక కిష్టవ్వ ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఇతను తన పేరు చెడగొట్టడానికే తిరుగుతున్నాడని తిట్టుకుంటూ వచ్చింది ఆమె.

"సాబ్, ఒక్క మాట. సారా బంద్ చేయిస్తివి, గ్లూకోజు తాపిస్తివి, నీళ్లు కాపిస్తివి. మరి గీళ్లకు తగ్గింది నా మందుతోనా, నీ చాకిరితోనా? ఎట్ల తెలుస్తది?"

అంబదాస్ దొరికిపోయిన దొంగలా నేల చూశాడు.

"తెల్వది కిష్టవ్వా. లెక్క ఎప్పుడో ఖరాబయింది."

"ఎప్పుడు?"

"మొదటి ఇంట్లనే. కళ్లు పచ్చగున్నయి, ముంగట సారా సీసా ఉన్నది. రాసుకుంట ఎట్ల కూసుంట?"

కిష్టవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. వాడ చివరి దాకా నవ్వుతూనే నడిచింది. అంబదాస్ సైకిల్ ఎక్కకుండా, ఆమె నడకకు తగ్గట్టు మెల్లగా నడిపించుకుంటూ, కొత్తగా కామెర్లొచ్చిన నలభై నాలుగో ఇంటికి దారి చూపించాడు.