అప్పలరాజు అరచేయి

వైజాగ్ వన్ టౌన్‌లో తెల్ల చొక్కా ఆరేయడమంత దండగ పని ఇంకోటి లేదు. పొద్దున ఆరేస్తే మధ్యాహ్నానికి పోర్టులోని ఖనిజం ధూళి సగం దానిమీదే దిగుతుంది. డెబ్బైల చివర్లో నేను విమానంలో కో-పైలట్‌ని. కంపెనీ ఇచ్చిన మూడు చొక్కాల్లో రెండు అప్పటికే ఇటుక రంగుకి వచ్చేశాయి. మూడోదాన్ని పసిబిడ్డలా చూసుకునేవాణ్ణి.

దెయ్యాలను నేను నమ్మను. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. నా మార్కులు చూస్తే ఫిజిక్స్‌ని కూడా పూర్తిగా నమ్మలేదని తెలుస్తుంది.

విమానం ముక్కుకి చెరోపక్కా బొటనవేలంత లావు గొట్టం ఉంటుంది. ఎదురుగాలి అందులో దూరితేనే లోపల ముల్లు వేగం చూపిస్తుంది. పైన మంచు పట్టి మూసుకుపోకుండా దాన్ని వేడిచేసే తీగ ఒకటి ఉంటుంది. దాని స్విచ్ వేస్తే లోపల చిన్న లైటు వెలుగుతుంది. వైజాగ్‌లో మా మెకానిక్ అప్పలరాజు, విమానం కదిలేముందు ప్రతిసారీ ఆ గొట్టాల్ని అరచేత్తో పట్టుకుని చూసేవాడు.

"లైటు ఎలిగితే సాలదు బాబూ. సెయ్యి సుర్రుమనాల" అని నాకూ నేర్పాడు.

ఆ రోజు కలకత్తాలో వాన. తిరుగు ప్రయాణానికి ముందు విమానం చుట్టూ తిరిగి చూడాల్సింది నేనే. తడవకుండా రెక్క కింద నిలబడి, గొట్టాలకేసి గౌరవంగా చూసి, లోపలికొచ్చి అంతా బాగుందన్నాను. చొక్కా తడవలేదు.

సముద్రం మీద, నల్లటి మేఘంలో, కెప్టెన్ గారి వేగం ముల్లు పడిపోసాగింది. వెనకే నాదీ. వేగం నిజంగా తగ్గి ఉంటే వెంటనే ముక్కు దించాలి, లేకపోతే కూలిపోతాం. ముల్లు అబద్ధమాడుతుంటే మాత్రం, ముక్కు దించాక పెరిగే వేగానికి రెక్కలు మిగలవు. వెనక నలభై మంది కాఫీ తాగుతున్నారు.

కెప్టెన్ గారిది బందరు. "ఏవయ్యా, గొట్టాలు చూశావా?" అన్నారు.

"చూశానండీ." అది అబద్ధం కాదు.

"అయితే దేన్నీ ముట్టుకోకు. ముక్కు, ఇంజన్లు ఎట్టా ఉన్నాయో అట్టానే ఉంచు."

ఇరవై నిమిషాలు అట్టానే ఉంచాం. ముళ్లు రెండూ సున్నా దగ్గర పడుకున్నాయి. వైజాగ్‌లో మేఘం బాగా కిందికి దిగి ఉందని రేడియోలో చెప్పారు. విమానాశ్రయం చుట్టూ ఉన్న కొండల మధ్య, వేగం తెలియకుండా దిగాలి.

నాలుగూ పదికి ముళ్లు రెండూ ఒక్కసారే లేచాయి. అదే ఎత్తు, అదే మేఘం, బయట అదే చలి. టైము రాసుకున్నాను.

దిగాక గొట్టాలు విప్పి చూశారు. తీగలు రెండూ తెగి ఉన్నాయి. వైజాగ్‌లో అప్పలరాజు పట్టి చూశాక, కలకత్తా చేరేలోపే తెగి ఉంటాయన్నారు. మరి మంచు కరిగించిందెవరని ఎవరూ అడగలేదు.

అప్పలరాజు కుడిచేతికి, కాలినచోట రాసే నీలం సిరా పూసి ఉంది. క్యాంటీన్‌లో ఉన్నట్టుండి అరిచి, చేతిలో గ్లాసు వదిలేశాడట. గ్లాసు పట్టుకున్నది ఎడమ చేత్తోనని క్యాంటీన్ అతను రెండుసార్లు చెప్పాడు. ఎప్పుడని అడిగితే, నాలుగు గంటల సైరన్ మోగిన పది నిమిషాలకన్నాడు. సిరా కింద, కుడి అరచేతికి అడ్డంగా, బొటనవేలంత లావున బొబ్బ.

తర్వాత డాక్టర్లను అడిగాను, ఇంజనీర్లను అడిగాను. ఇన్నేళ్లయినా నాకు తెలిసింది ఏమీ లేదు.

ఆ రోజు అప్పలరాజు మాత్రం ఏమీ అడగలేదు. మరక లేని నా చొక్కాకేసి చూశాడు.

"నువ్వు సెయ్యెట్టనేదు గదా బాబూ" అన్నాడు.